తుషోన్కా డబ్బాకి ఏ గింజ మేలు? గ్రేచ్కా, బార్లీ, వరిగలు

రష్యాకి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు మొదటి చలికాలంలో తప్పకుండా అడిగేది ఒకటుంది. "అక్కా, ఈ తుషోన్కా మాంసం డబ్బా అన్నంలో కలిపితే ముద్దయిపోతోంది, ఏం చెయ్యాలి?" కుర్స్క్‌లో ఒక హాస్టల్ వంటగదిలో ఏళ్ల తరబడి వండుకున్న అనుభవంతో చెప్తున్నాను, దానికి అన్నం వద్దు. అక్కడ చవగ్గా దొరికే క్రస్నదార్ బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి, త్వరగా జిగురుపడతాయి. డబ్బాలోని జెల్లీ కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

తుషోన్కా అంటే పచ్చి మాంసం ముక్కల్ని ఉల్లిపాయ, కొవ్వు, ఉప్పు, మిరియాలు, బిర్యానీ ఆకుతో డబ్బాలో పెట్టి, సీలు వేసి, ఆ డబ్బాలోనే ఉడికించింది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైనికులకి అమెరికా నుంచి కూడా ఈ డబ్బాలు వచ్చాయి. కొనేముందు లేబుల్ చదవడం నేర్చుకోండి. గవ్యాదినా అంటే గొడ్డు మాంసం (మన 'గో', ఆ మాటలోని 'గవ్' ఒకే మూలం నుంచి వచ్చినవే), స్వినీనా అంటే పంది, కూరిత్సా అంటే కోడి. తినే అలవాటు లేనివాళ్లు తెలియక తెచ్చుకుని బాధపడటం నేను చూశాను. వివరాల్లో సోయా, పిండి కనబడితే ఆ డబ్బా వదిలెయ్యండి. ఉబ్బిన డబ్బా అయితే ముట్టుకోనే వద్దు.

మూత తీస్తే పైన పేరిన నెయ్యిలా తెల్లటి కొవ్వు, దాని కింద వణికే జెల్లీ, అందులో కూరుకుపోయిన ముక్కలు. ఈ వంటకి రుచంతా ఆ కొవ్వులో, ఆ జెల్లీలో ఉంది. కాబట్టి వాటిని ఏ గింజ బాగా పట్టుకుంటుందో అదే మేలైన గింజ. వండే సమయం, ధర నా లెక్కలో ఆ తర్వాతే.

గ్రేచ్కా మన దేశంలో ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకి వాడే కుట్టు, అంటే బక్‌వీట్. రష్యాలో దాన్ని పొట్టు తీసి, ముందే వేడి తగిలించి, గోధుమరంగు గింజలుగా అమ్ముతారు. పొట్లం విప్పగానే వేయించిన వాసన వస్తుంది. డబ్బాలోని కొవ్వు చెంచాతో తీసి గిన్నెలో కరిగించి, ఉల్లిపాయ, క్యారెట్ అందులోనే వేయించండి. కడిగిన గ్రేచ్కా ఒక గ్లాసు, నీళ్లు రెండు గ్లాసులు పోసి మూత పెడితే పావుగంటలో నీరంతా పీల్చేస్తుంది. మాంసం ముందే ఉడికింది కాబట్టి చివర్లో వెయ్యాలి, లేకపోతే పీచుపీచుగా విడిపోతుంది. ఉప్పు కూడా అప్పుడే రుచి చూసి వేసుకోండి, డబ్బాలో ఎలాగూ ఉంటుంది. తర్వాత గిన్నెని తువ్వాలులో చుట్టి ఇంకో పావుగంట మగ్గనివ్వాలి. అక్కడి అమ్మమ్మలు దుప్పటి కప్పి దిండు కింద కూడా పెడతారు. గింజ గింజకీ కొవ్వు పట్టి, పొడిపొడిగా వస్తుంది. గ్రేచ్కాకి సొంత రుచి గట్టిగా ఉంది, అందుకే మాంసం పక్కన చిన్నబోదు.

బార్లీ, అక్కడి పేరుతో పెర్లోవ్కా, మనకి జ్వరంలో తాగే నీళ్లుగానే తెలుసు. రష్యన్ సైన్యంలో దీనికి 'ష్రాప్నెల్' అని పేరు పెట్టారు, ఫిరంగి గుళ్లలా గట్టిగా ఉంటుందని. ఆ చెడ్డపేరు సగం ఉడికించి వడ్డించడం వల్ల వచ్చింది. రాత్రంతా నానబెట్టి, సన్నని మంట మీద దాదాపు గంట ఉడికిస్తే గింజ ఉబ్బి మెత్తగా, నమిలితే సాగుతూ ఉంటుంది. జెల్లీని లోపలికంటా తాగేది ఇదొక్కటే. మర్నాడు పొద్దున్న వేడిచేసుకుంటే ఇంకా బాగుంటుంది, పక్కన ఆవకాయ ఉంటే మరీను. రుచి ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే. కానీ మైనస్ 20 చలిలో క్లాసు నుంచి వచ్చి, ఇంకా ముగ్గురు క్యూలో ఉన్న స్టౌ దగ్గర గంటసేపు ఎవరు నిలబడతారు? గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్లకి బార్లీ కూడా పడదు, గ్రేచ్కాతో ఆ ఇబ్బంది లేదు.

ప్షెనో మన వరిగలే. గోధుమని ప్షెనీత్సా అంటారు, పొట్లం మీద పేరు చూసి పొరబడొద్దు. పాత పొట్లమైతే చేదెక్కుతుంది, వేడినీళ్లతో నాలుగైదుసార్లు కడగాలి. పొడిపొడిగా వండితే తుషోన్కాతో అంత కుదరదు. బంగాళదుంప వేసి పల్చగా, కులేష్ అనే కొసాక్కుల (ఆ ప్రాంతపు పాతకాలం గుర్రపు సైనికుల) జావలా చేస్తే మాత్రం గొంతు నొప్పిగా ఉన్న రోజున ప్రాణం లేచొస్తుంది. మన పల్చటి కిచిడీ గుర్తొస్తుంది.

ఒక్క పొట్లమే కొనగలిగితే గ్రేచ్కా కొనండి. రోజూ తినగలిగేది, పరీక్షల వారంలో ఆదుకునేది అదే. బార్లీ శనివారం రాత్రి నానబెట్టుకోండి, ఆదివారం పొద్దున్న స్టౌ ఖాళీగా ఉంటుంది.