పాత హిమాలయన్ 411 కొనాలా, కొత్త హిమాలయన్ 450 కొనాలా: హనుమకొండ నుంచి ఒక అనుభవం

నెలకు ఒకసారైనా హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు బండి మీద వెళ్లిరావడం మా ఇంట్లో చాలా కాలంగా ఉన్న అలవాటు. నా భార్య వెనక కూర్చుంటుంది, రెండు పక్కలా సంచులు ఉంటాయి, ఒక్కోసారి రామప్ప దగ్గరే ఆగిపోతాం, ఒక్కోసారి గోదావరి దాటి బొగత జలపాతం దాకా వెళ్తాం. పదకొండేళ్లు నమ్మకంగా నడిచిన 150 సీసీ బండి ఇద్దరి బరువుకూ సామానుకూ ఇక చాలడం లేదని తేలిన తర్వాత, దూరప్రయాణాలకు పనికొచ్చే బండి కోసం మూడు నెలలు వెతికాను. చివరికి రెండు బళ్లు మిగిలాయి. ఒకటి 2021లో తయారై 22,400 కిలోమీటర్లు తిరిగిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, రెండోది అదే కంపెనీ వారి కొత్త హిమాలయన్ 450. రెండింటినీ మా దారుల్లోనే నడిపి చూసి పాతదాన్ని కొన్నాను. ఆ నిర్ణయం నాకు ఎందుకు సరిపోయిందో, ఎవరికి సరిపోదో వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

ముందుగా ఇంజన్ల సంగతి, ఎందుకంటే మిగతా తేడాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. 2016లో మార్కెట్లోకి వచ్చిన 411లో గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఒంటి సిలిండర్ ఇంజన్ ఉంటుంది. దాని బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 86 మిల్లీమీటర్లు. పిస్టన్ వెడల్పు కన్నా అది కదిలే దూరం ఎక్కువ కాబట్టి ఇంజన్ తక్కువ తిప్పులలో ఉన్నప్పుడే లాగుడు బలం (టార్క్) వస్తుంది. 32 న్యూటన్ మీటర్ల టార్క్ నిమిషానికి నాలుగు, నాలుగున్నర వేల తిప్పుల దగ్గరే అందుతుంది. పవరు మాత్రం 24 హార్స్‌పవర్ చుట్టుపక్కలే. 2023 నవంబరులో వచ్చిన 450 స్వభావం వేరు. 452 సీసీ, నీటితో చల్లబడే ఇంజన్, బోరు 84, స్ట్రోకు 81.5, ఆరు గేర్లు, 40 హార్స్‌పవర్. దాని 40 న్యూటన్ మీటర్ల టార్క్ 5,500 తిప్పుల దగ్గర గానీ పూర్తిగా అందదు. అంటే పాతది నింపాదిగా లాగే ఎద్దు, కొత్తది పరుగు మీద ఉన్నప్పుడే బలం చూపే గుర్రం.

ఈ తేడా రోడ్డు మీద ఎలా ఉంటుందో మిత్రుడి కొత్త 450ని రెండు రోజులు తీసుకున్నప్పుడు బాగా అర్థమైంది. మొదటి రోజు హైదరాబాద్ వెళ్లొచ్చాను. నాలుగు వరుసల 163వ నంబరు జాతీయ రహదారి మీద ఆ బండిని మెచ్చుకోకుండా ఉండలేం. వంద దాటినా ఇంజన్ కష్టపడుతున్నట్టు అనిపించదు, లారీని దాటాలంటే గేరు దించాల్సిన పని లేదు, వెనక కూర్చున్నవారికి అదురు తెలియదు. అదే దారిలో 411 మీద ఎనభై, తొంభై దాకా హాయిగా వెళ్లవచ్చు. వంద చేరేసరికి ఫుట్‌రెస్టులలో, హ్యాండిల్‌లో కంపనం మొదలవుతుంది, ముందున్న బండిని దాటాలంటే ముందుచూపు కావాలి. హైవే మీద రెండింటికీ పోటీ లేదు, కొత్తదే మేలు.

రెండో రోజు ములుగు దారి పట్టాం. ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్లాక రోడ్డు బాగానే ఉంటుంది గానీ వేగానికి అది చోటు కాదు. పశువులు అడ్డం వస్తాయి, మలుపు తిరగగానే ఎదురుగా ట్రాక్టరు ఉంటుంది, పెద్ద రోడ్డు దిగి చెరువు గట్టుకో గూడేనికో వెళ్లే దారి గులకరాళ్లతో నిండి ఉంటుంది. అలాంటి చోట ఇద్దరం ఎక్కి, సామానుతో, రెండో గేరులో నడక వేగంతో వెళ్లాల్సి వచ్చినప్పుడు కొత్త బండిని మూడు వేల తిప్పుల కిందకు పోనివ్వకుండా క్లచ్‌తో ఆదుకుంటూ నడపాలి. మరుసటి వారం అదే దారిలో 411ని నడిపితే యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండానే ఎక్కేసింది. దానికి తోడు 411 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, 450 సీటు తక్కువ అమరికలో కూడా 825. ఇరవై అయిదు మిల్లీమీటర్లంటే కాగితం మీద చిన్న అంకె. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు కాబట్టి, వెనక మనిషి ఉండగా రాళ్ల మీద బండిని ఆపినప్పుడు పాదం పూర్తిగా ఆనడానికీ మునివేళ్లు మాత్రమే ఆనడానికీ మధ్య తేడా అదే. ఆ రోజు ముల్లకట్ట వంతెన మీద ఆగినప్పుడు నా భార్య, "ఇది మంచిగనే ఉంది గని, మీరు ఆపినప్పుడల్లా నాకు గుబులైతుంది" అంది. నా నిర్ణయంలో సగం ఆ మాటతోనే అయిపోయింది.

మా ప్రయాణాల్లో అయిదింట నాలుగు వంతులు డెబ్బై లోపు వేగంతో జరిగేవే. మిగిలిన ఒక వంతు కోసం రెట్టింపు కన్నా ఎక్కువ డబ్బు పెట్టాలా అన్నది తర్వాతి ప్రశ్న. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది. దాని మీద జీవితకాల పన్ను, బీమా కలిస్తే కొత్త 450 రోడ్డెక్కేసరికి మూడున్నర లక్షలు దాటుతుంది. 411ని నేను 1,42,000 రూపాయలకు కొన్నాను. వెంటనే రెండు టైర్లు, చైన్ స్ప్రాకెట్ సెట్, బ్యాటరీ, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), పూర్తి సర్వీసు అన్నీ కలిపి మరో 24,000 అయింది. సెకండ్ హ్యాండ్ బండి ధర అంటే అమ్మేవాడు చెప్పిన అంకె ఒక్కటే కాదని, మొదటి నెల మెకానిక్‌కు ఇచ్చేది కూడా అందులో భాగమేనని ముందే లెక్క వేసుకున్నాను కాబట్టి ఇబ్బంది పడలేదు.

పాత బండి కొనడంలో అసలు కష్టం మంచి బండి దొరకడమే. ఈ 411 కన్నా ముందు నాలుగు బళ్లు చూసి వదిలేశాను. వాటిలో ఒకటి, వేరే కంపెనీ టూరింగ్ బండి, మీటరులో 14,000 చూపిస్తోంది గానీ ఫుట్‌రెస్టు రబ్బర్లు పూర్తిగా అరిగి, బ్రేక్ డిస్క్ అంచున వేలికి తగిలేంత గట్టు కట్టి ఉంది. పద్నాలుగు వేలకే అంత అరుగుదల రాదు. కాజీపేటలో ముప్ఫై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న ఒక మెకానిక్‌ను ప్రతిసారీ వెంట తీసుకెళ్లాను. ఆయన మొదటిరోజే చెప్పిన మాట చాలా పనికొచ్చింది: "ఇంజన్ సల్లగున్నప్పుడే సూడాలె సారూ. మనం పోయేటాల్లకు బండి స్టార్ట్ చేసి ఉంచిన్రంటే నాకైతే అనుమానమే." అందుకే ఉదయం ఏడింటికి, చెప్పిన సమయం కన్నా కాస్త ముందే వెళ్లి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసి గానీ మాట మొదలుపెట్టేవాళ్లం కాదు. చల్లటి ఇంజన్ ఒక్క నొక్కుకు అందుకుందా, పొగ ఏ రంగులో ఉంది, మొదటి నిమిషం టిక్కుటిక్కుమన్న చప్పుడు వేడెక్కాక తగ్గిందా పెరిగిందా అన్నవి అప్పుడే తెలుస్తాయి.

తర్వాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టే. నేను కొన్న బండిలో అది కనబడింది, గతుకుల దారుల్లో నాలుగేళ్లు తిరిగిన బండికి అది సహజం, ధరలో తగ్గించుకున్నాను. ఫోర్క్ గొట్టాల మీద నూనె తడి, ఇంజన్ కింది రక్షణ రేకు వెనక దాగిన లీకు, చక్రాల ఆకులలో (స్పోకులలో) వదులైనవి, ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే కనిపించే తుప్పు, ఇవన్నీ ఓపికగా చూడాలి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు చాలామంది పట్టించుకోరు. మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ ఏడాదిని చెబుతాయి. ఈ బండి టైర్ల మీద 2321 అని ఉంది, అంటే 2021లో ఇరవైమూడో వారంలో తయారైనవి. అరుగుదల తక్కువే ఉన్నా రబ్బరు గట్టిపడింది కాబట్టి వానాకాలాన్ని తలచుకుని మార్చేశాను.

ఇంకో విషయం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, ఆ మిశ్రమాన్ని తట్టుకునే భాగాలతో బళ్లు తయారుకావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అంతకుముందు తయారైన ఏ బండి కొన్నా పెట్రోలు గొట్టాలను, రబ్బరు సీళ్లను ఏటా చూపించుకోవాలి. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి బండిని వారాల తరబడి కదపకుండా నిలపకూడదు. కొత్త 450 కొన్నవారికి ఈ చింత లేదు. తయారీ సంవత్సరం విషయంలో నేను పెట్టుకున్న నియమం 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 పొగ ప్రమాణాల బండే కావాలన్నది, ఎందుకంటే 411లో మట్టిరోడ్డు మీద, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే వెనక చక్రపు ఏబీఎస్‌ను ఆపుకునే వీలు ఆ తరంలోనే వచ్చింది.

కాగితాల పని అనుకున్నదాని కన్నా సులువుగానే అయింది. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వకూడదు. బండిని పేరు మార్చే ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు మన ఎదుటే పడాలి, పెండింగ్ చలాన్లు ముందే చూసుకోవాలి, బీమాను పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే తగ్గింపు) మనకు రాదు.

ఈ అయిదు నెలల్లో 411 మీద 4,100 కిలోమీటర్లు తిరిగాను. లీటరుకు 31 కిలోమీటర్లు వస్తోంది, 15 లీటర్ల ట్యాంకు నింపితే బొగత వెళ్లివచ్చాక కూడా ఊళ్లో తిరగడానికి మిగులుతుంది. నిర్మల్ ఘాట్ మీదుగా కుంటాల జలపాతానికి వెళ్లినప్పుడు ఎక్కుడులో ఎక్కడా ఆయాసపడలేదు. లోటుగా అనిపించేది ఒకటుంది: ట్యూబు టైర్లు. అడవి దారిలో పంక్చరైతే చక్రం విప్పాల్సిందే కాబట్టి ఒక ట్యూబు, గాలిపంపు ఎప్పుడూ సంచిలో ఉంటాయి. 450కి ఇప్పుడు ట్యూబ్‌లెస్ ఆకుల చక్రాలు దొరుకుతున్నాయి. ఆ ఒక్క సౌకర్యం మీద నాకు ఇప్పటికీ ఆశ ఉంది. 450లో లాగా గుండ్రటి తెర మీద మ్యాపు కనిపించడం లాంటి హంగులు లేకపోయినా నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

పోయిన వారం మా ఆఫీసులో పనిచేసే తమ్ముడు ఒకడు నా బండి చూసి, తనకూ ఇలాంటిదే వెతికిపెట్టమని అడిగాడు. అతను ప్రతి శుక్రవారం రాత్రి ఒంటరిగా హైదరాబాద్ వెళ్లి సోమవారం తెల్లవారుజామున తిరిగివస్తాడు, వచ్చే ఏడాది లద్దాఖ్ దాకా వెళ్లాలని డబ్బు కూడబెడుతున్నాడు, నాకన్నా అయిదంగుళాలు పొడుగు, తీరిక లేనివాడు కాబట్టి వారంటీ అవసరం. అతనికి 450 కొనమనే చెప్పాను.