డాక్‌టైప్: అసలు రాయకపోవడమా, పాత పొడుగుదా, ఇప్పటి పొట్టిదా? ఏది మేలు?

మారతహళ్లిలో మా పక్క గదిలో ఉండే అనంతపురం కుర్రాడు కిందటి వారం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, బాడీకి ఫాంట్ సైజు 20 పిక్సెల్స్ పెట్టినా. పేరాలన్నీ మారినాయి, టేబుల్ మాత్రం మారట్లేదు." పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో తప్పేం కనబడలేదు. హెచ్‌టీఎంఎల్ ఫైలు పైకి వెళ్లి చూస్తే మొదటి పంక్తిలో డాక్‌టైప్ లేదు, అంటే పేజీని ఏ పద్ధతిలో చూపాలో బ్రౌజర్ తేల్చుకునే పంక్తి. అది పెట్టగానే టేబుల్ అక్షరాలు మారాయి, కానీ ఎడమ పక్క పెట్టె వెడల్పు పోయింది. చూస్తే, వెడల్పు 300 అని రాసి పిక్సెల్స్ అని రాయలేదు.

డాక్‌టైప్ రాయకపోతే వచ్చే చిక్కు ఇదే. బ్రౌజర్ క్విర్క్స్ మోడ్‌లోకి వెళ్తుంది, అంటే 1990ల నాటి పేజీల కోసం దాచిపెట్టుకున్న పాత అలవాట్లతో చూపిస్తుంది. బాడీ ఫాంట్ సైజు టేబుల్‌కి అందదు. యూనిట్ లేని కొలతలు చెల్లిపోతాయి. క్లాస్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. సరైన కోడ్ పనిచేయకపోవడం కంటే, తప్పు కోడ్ పనిచేయడమే నేర్చుకునేవాడికి ఎక్కువ చేటు అని నా నమ్మకం. కొత్త పేజీకి ఈ దారి వద్దే వద్దు.

డాక్‌టైప్ ఎస్‌జీఎంఎల్ అనే పాత మార్కప్ పద్ధతి నుంచి వచ్చింది. పత్రం ఏ వ్యాకరణం ప్రకారం రాశారో చెప్పడం దాని తొలి పని. బ్రౌజర్లు మాత్రం ఆ వ్యాకరణాన్ని తెప్పించుకుని పేజీని సరిచూసింది లేదు. 2000లో మ్యాక్ కోసం వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5, ఏ మోడ్‌లో చూపాలో ఆ పంక్తిని బట్టి తేల్చుకోవడం మొదలుపెట్టింది. మిగతావీ అదే పట్టుకున్నాయి. ఇవాళ ఆ పంక్తి చేసే పని అంతే.

పాత పొడుగు వాటిలో అసలు మెలిక ఉంది. 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01కి స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్, ఫ్రేమ్‌సెట్ అని మూడు ఉన్నాయి. స్ట్రిక్ట్ పెడితే పూర్తి ప్రమాణాల మోడ్, అంటే పాత అలవాట్లు లేకుండా సీఎస్ఎస్ నియమాల ప్రకారమే చూపేది. ట్రాన్సిషనల్ పెట్టి, పంక్తి చివర ఉండే వెబ్ చిరునామా కూడా ఉంచితే మధ్యరకం మోడ్: దాదాపు ప్రమాణాల మోడే, టేబుల్ గడుల్లోని బొమ్మల దగ్గర మాత్రం పాత తీరు. ఆ చిరునామా కాపీ చేయడంలో జారిపోయిందా, నేరుగా క్విర్క్స్! ఒక్క ముక్క పోతే పేజీ నడకే మారిపోయే పంక్తిని ఎవరు గుర్తుపెట్టుకోగలరు?

పొట్టిది <!DOCTYPE html>, మొత్తం 15 అక్షరాలు. వెర్షన్ నంబరు లేదు, చిరునామా లేదు, తప్పు పోవడానికి చోటే లేదు. కొత్త పేజీకి రెండో ఆలోచన లేకుండా ఇదే. అయితే దానికి ముందు ఖాళీలు, కామెంట్లు తప్ప వేరే అక్షరాలేవీ పడకూడదు. సర్వర్‌లో పేజీని తయారుచేసే పీహెచ్‌పీ కోడ్ నుంచి హెచ్చరిక ఒకటి పైన అచ్చయినా డాక్‌టైప్ చెల్లదు, పేజీ మళ్లీ క్విర్క్స్‌కే.

పాత పేజీ చేతికొస్తే మాత్రం తొందరపడకండి. బొమ్మను ముక్కలు కోసి టేబుల్ గడుల్లో పేర్చిన ట్రాన్సిషనల్ పేజీకి పొట్టిది పెడితే ముక్కల కింద సన్నటి సందులు వస్తాయి. బొమ్మలకు డిస్‌ప్లే బ్లాక్ పెడితే పోతాయి. ఆ పేజీ అంతా తిరగేసే తీరిక లేకపోతే ఉన్నదాన్ని అలాగే ఉంచడం మేలు.

మీ పేజీ ఏ మోడ్‌లో ఉందో తెలియాలంటే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో డాక్యుమెంట్ డాట్ కంపాట్‌మోడ్ (document.compatMode) అడగండి. బ్యాక్‌కంపాట్ అని వస్తే క్విర్క్స్. సీఎస్ఎస్1కంపాట్ అని వస్తే ప్రమాణాల మోడ్ కావచ్చు, మధ్యరకమూ కావచ్చు. ఆ రెంటికీ తేడా అది చెప్పదు, మొదటి పంక్తిని కళ్లతో చదువుకోవాల్సిందే.