అమెరికన్ గోల్డ్ ఈగిల్ నాణెం: సరుకు మంచిదే, తిరకాసంతా చట్టంలోనే

అమెరికా ప్రభుత్వ టంకశాల ముద్రించే ఒక ఔన్సు గోల్డ్ ఈగిల్ నాణెం గురించి, దాన్ని పొదుపుగా దాచుకోవాలనుకునేవారి కోసమూ, అవసరమైతే డబ్బులా చెల్లించుకోవచ్చునా అని ఆలోచించేవారి కోసమూ ఈ సమీక్ష రాస్తున్నాను. 1985 నాటి చట్టం ప్రకారం 1986 నుంచి వెలువడుతున్న ఈ నాణేనికి మొదటి అవసరం విషయంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కంతా రెండో దానితోనే.

ముందు సరుకు సంగతి. మన నగల దుకాణాల్లో 916 అని పిలుచుకునే 22 క్యారెట్ల బంగారమే ఇదీ. మొత్తం బరువు 33.93 గ్రాములు కాగా అందులో మేలిమి బంగారం 31.1 గ్రాములు, అంటే మన లెక్కలో మూడు తులాల పైచిలుకు. మిగిలినది రాగి, కొద్దిగా వెండి. రాగి కలవడం వల్ల నాణేనికి కాస్త ఎర్రటి ఛాయతో పాటు గట్టిదనం కూడా వచ్చింది. 2006 నుంచి అదే టంకశాల విడుదల చేస్తున్న 24 క్యారెట్ల బఫెలో నాణెం పచ్చగా మెరిసినా, మెత్తన కావడం వల్ల దానిపై త్వరగా గీతలు పడతాయి. 2021లో ఈగిల్ వెనుకవైపు బొమ్మను మార్చి గద్ద తలను చెక్కడంతో పాటు, నకిలీలను పట్టుకోవడానికి వీలుగా అంచు గాడుల వరుసలో ఒకచోట కావాలనే తేడా ఉంచారు. వెలుతురులో మెల్లగా తిప్పి చూస్తే అది తెలుస్తుంది. తరుగు, మజూరీ అనే మాటలు ఇక్కడ వినిపించవు గాని, మార్కెట్ ధరపై డీలరు అదనంగా కొంత తీసుకుంటాడు. నాణెం చిన్నదయ్యేకొద్దీ ఆ అదనపు శాతం పెరుగుతుంది కనుక పదో వంతు ఔన్సు నాణేలు పోగుచేసుకోవడం గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

ఇక డబ్బుగా దీని యోగ్యత. నాణెంపై 50 డాలర్లు అని ముద్రించి ఉంటుంది, చట్టరీత్యా ఇది చెల్లుబాటయ్యే ద్రవ్యం కూడా. అయితే పావు ఔన్సు నాణెంపై ఉన్నది 10 డాలర్లే కాబట్టి, నాలుగు పావులు కలిపితే బంగారం ఒక ఔన్సు అవుతుంది గాని ముఖవిలువ 40 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ అంకెలకు లోపలి లోహంతో సంబంధం లేదన్నమాట. లాస్ వేగాస్‌లో ఒక కాంట్రాక్టరు మాత్రం వాటిని అక్షరాలా తీసుకుని, పనివాళ్లకు బంగారు, వెండి నాణేలతో కూలి ఇచ్చి, పన్ను లెక్కలను ముఖవిలువ ప్రకారం చూసుకున్నందుకు 2009లో దోషిగా తేలాడు.

పన్ను దగ్గరికి వచ్చేసరికి అదే ప్రభుత్వం ఈ నాణేన్ని డబ్బుగా కాక, పాత తపాలా బిళ్లల వంటి సేకరణ వస్తువుగా చూస్తుంది. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లాభంపై గరిష్ఠంగా 28 శాతం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను పడుతుంది. షేర్లపై ఆ గరిష్ఠం 20 శాతమే. నాణెం ఇచ్చి సరుకు కొన్నా అది అమ్మకం కిందికే వస్తుంది. పెరిగిన ధరలో ఎంత భాగం బంగారం గొప్పతనమో, ఎంత భాగం డాలరు పలచబడటమో ఈ లెక్కలో ఎవరూ విడదీయరు.

టెక్సస్ ప్రతినిధి రాన్ పాల్ 2011లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు ఈ ముడినే విప్పాలని చూసింది: డాలరుకున్న చట్టబద్ధ గుత్తాధిపత్యాన్ని ఎత్తివేయడం, విలువైన లోహాలపై పన్నులు తీసేయడం, ప్రైవేటు నాణేల ముద్రణపై ఉన్న నిషేధాన్ని రద్దుచేయడం. అది చట్టం కాలేదు. అదే ఏడాది యూటా రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం ముద్రించిన బంగారు, వెండి నాణేలను తన పరిధిలో చట్టబద్ధ ద్రవ్యంగా గుర్తించింది. టెక్సస్ 2013లో కడ్డీలు, నాణేల రూపంలోని బంగారం, వెండి, అంటే బులియన్‌పై అమ్మకపు పన్నును పూర్తిగా తొలగించింది. ఫెడరల్ పన్నును తీసివేసే అధికారం రాష్ట్రాలకు లేదు కనుక ఇవన్నీ సగం తెరిచిన తలుపులే.

ప్రైవేటు నాణేల విషయంలో నాకు అనుమానాలున్నాయి, ఎందుకంటే ముద్రించినవాడి మాటను నమ్మడానికి ప్రతి దుకాణదారు దగ్గరా త్రాసూ గీటురాయీ ఉండవు. పన్ను తీసేస్తే లాభం ఎక్కువగా ధనికులకే చేరుతుందన్న వాదనలోనూ నిజముంది. అయినా, ప్రభుత్వమే డబ్బు అని ముద్ర వేసి అమ్మిన నాణేన్ని చెల్లింపుకు వాడుకున్నందుకు పన్ను వేయడం నాకు సమంజసంగా తోచదు.

అమెరికాలోనే ఉంచుకుని దీర్ఘకాలం దాచేవారికి ఒక ఔన్సు ఈగిల్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన ఉంటే మాత్రం, ప్రయాణికులకు సుంకం మినహాయింపు నగలకే గాని నాణేలకు వర్తించదని గుర్తుంచుకోవాలి. కొన్న బిల్లును నాణెంతో పాటే భద్రపరచండి, ఎందుకంటే అమ్మిననాడు కొన్న ధర రుజువు చేయలేకపోతే వచ్చిన మొత్తమంతా లాభంగా లెక్కించే ప్రమాదం ఉంది.