సాస్ కోడ్ పైథాన్‌లోకి మార్చి ఇస్తాం అనేవాళ్లతో జాగ్రత్త

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే సుత్తి లేకుండా చెప్తాను. మాది లోన్ డేటా చూసే చిన్న టీమ్. డేటా లెక్కలకి మేం వాడే సాస్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యువల్ దగ్గరపడింది. ఆ బిల్లు చూసి పైవాళ్లు, ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కి మారిపోదాం అన్నారు. ఆ ఫ్రీలాన్స్ సైట్‌లో "నూటికి నూరు శాతం ఆటోమేటిక్ కన్వర్షన్" అని ఊదరగొట్టే సెల్లర్ మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పని అతనికే ఇచ్చాం. ఐదు స్టార్లు చూసి మురిసిపోయిన మేధావిని నేనే లెండి.

స్క్రిప్టులన్నీ చెప్పిన టైముకే వచ్చాయి, ఒక్క ఎర్రర్ లేకుండా రన్ అయ్యాయి. చివరి వాయిదా కూడా కట్టేశాం. తర్వాత పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి చూస్తే లో రిస్క్ కస్టమర్లు ఒక్కసారిగా పెరిగిపోయారు. ఎవరా ఈ కొత్త మహానుభావులు అని తెరిచి చూస్తే, ఒక్కరికీ ఆదాయం కాలమ్‌లో ఏమీ లేదు.

రూల్ చాలా సింపుల్. ఆదాయం 15,000 కంటే తక్కువైతే హై రిస్క్, లేకపోతే లో రిస్క్. సాస్‌లో ఖాళీ విలువ అన్ని అంకెలకన్నా చిన్నది, కాబట్టి ఆదాయం చెప్పనివాళ్లు హై రిస్క్‌లో పడేవాళ్లు. పైథాన్‌లో టేబుళ్ల పని చేసే పాండాస్ లైబ్రరీలో ఆ ఖాళీని 15,000 కన్నా తక్కువా అని అడిగితే కాదంటుంది, తిన్నగా "లేకపోతే" వైపు వెళ్లిపోతుంది. జీతమెంతో చెప్పనివాడిని పిలిచి మరీ లోన్ ఇమ్మంటోంది మా కొత్త కోడ్!

అక్కడితో అయిపోలేదు. సాస్ తేదీని 1960 జనవరి 1 నుంచి రోజుల లెక్కగా పెట్టుకుంటుంది. ఒక స్క్రిప్టులో వీళ్లు దాన్ని 1970 నుంచి లెక్కేశారు. తేడా 3,653 రోజులు. 2014 మార్చిలో ఇచ్చిన లోన్ 2024 మార్చిలో ఇచ్చినట్టు చూపిస్తోంది. ఇంకోటి, రెండు టేబుళ్లని కలిపే సాస్ మెర్జ్‌లో రెండింటికీ ఒకే పేరున్న కాలమ్ ఉంటే మామూలుగా రెండో టేబుల్ విలువే నిలుస్తుంది. పాండాస్ రెండింటికీ ఎక్స్, వై అని తోకలు తగిలించి ఉంచుతుంది. వీళ్ల కోడ్ ఎక్స్ ఉన్నదాన్నే పట్టుకుపోయింది, అంటే మొదటి టేబుల్‌లోని పాత బ్యాలెన్సు.

ఇవన్నీ కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి ఒక్కొక్కటీ చూపించాను. అటునుంచి చిన్న నవ్వు. "మేడం, మీకు పైథాన్ కొత్త అనుకుంటా. ఇందులో ఇలాగే ఉంటుంది." నా టీమ్ పిల్లలంతా కాల్‌లోనే ఉన్నారు. సాస్‌లో ఆ రూల్ రాసిందే నేను, దాని సంగతి నాకు నేర్పిస్తున్నాడు! అసలు పోటు ఆ తర్వాత పడింది. "కోడ్ రన్ అవుతోంది కదా మేడం. నంబర్లు మ్యాచ్ అవ్వాలని అగ్రిమెంట్‌లో ఎక్కడుంది? వాలిడేషన్ కావాలంటే సెపరేట్ కోట్ పంపిస్తాం." ఇల్లు కట్టాం, గోడలు నిలబడ్డాయి, లోపల వాన కురిస్తే దానికి వేరే రేటు అన్నట్టు. కాల్ కట్ చేసి అగ్రిమెంట్ మొత్తం వెతికాను. నిజంగానే లేదు. సైట్‌వాళ్లకి కంప్లైంట్ పెడితే, డబ్బు రిలీజ్ చేశాక మేమేం చేయలేం అని మెషీన్ జవాబొకటి.

ఇప్పుడు ఆ స్క్రిప్టులన్నీ మేమే కూర్చుని లైను లైనుగా తిరగరాస్తున్నాం. లైసెన్సు కూడా ఇంకో ఏడాదికి కట్టక తప్పలేదు. పొదుపంటే ఇదీ!

మీరూ ఇలాంటి పని బయటికి ఇవ్వాల్సి వస్తే వినండి. ఒకే ఇన్‌పుట్ మీద పాత కోడ్, కొత్త కోడ్ రెండూ నడిపి, రెండు టేబుళ్లని పోల్చి చూపే సాస్ ప్రోక్ కంపేర్‌లో తేడా లేదని చూపించాకే డబ్బు అని అగ్రిమెంట్‌లో రాయించండి. టెస్టుకి వాళ్లిచ్చే నున్నటి శాంపిల్ ఒప్పుకోకండి, ఖాళీలూ డూప్లికేట్లూ ఉన్న మీ డేటానే ఇవ్వండి. ఇదే సెల్లర్ చేతిలో ఇంకెవరైనా పడి ఉంటే మెసేజ్ చేయండి, అందరం కలిసి కంప్లైంట్ పెడితేనన్నా ఆ సైట్‌వాళ్లు కదులుతారేమో.