మంచులో ఐదు చలికాలాలు: నా ఎస్‌యూవీకి పనికొచ్చిన టైర్లు, పనికొచ్చిన ఆప్షన్లు

ఈ బండి కొని ఐదు చలికాలాలు గడిచాయి. లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం) మీద కట్టిన బరువైన ఎస్‌యూవీ. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ ఇంజను శక్తి అందుతుంది. సెంటర్ డిఫరెన్షియల్ లాక్ (ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా బిగించేది), వెనక డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేది), లో రేంజ్ గేర్లు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేవి) అన్నీ ఉన్నాయి. మేముండే చోట ఏడాదిలో నాలుగైదు నెలలు మంచే. చాలా రోజులు మంచు తోసే బండి మా దారికి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. ఈ ఐదేళ్లలో మూడు రకాల టైర్లు వాడాను. డబ్బు పోసి తీసుకున్న ఆప్షన్లలో కొన్ని రోజూ ఆదుకుంటున్నాయి, కొన్నిటిని ఇంతవరకు ముట్టుకోనే లేదు. ఇలాంటి బండి కొనబోయేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి చలికాలానికి మడ్ టెర్రైన్ టైర్లు వేయించాను. పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు, వాటి మధ్య వేలు దూరేంత గాడులు. బురదనే పట్టుకునే టైరుకు మంచు ఒక లెక్కా అనుకున్నాను. లోతైన మెత్తని మంచులో నిజంగానే బాగా నడిచాయి. ఆ ధీమాతోనే ఒక ఉదయం పల్లంలోకి దిగుతున్నాను. ముందురోజంతా బండ్లు తిరిగి రోడ్డు మీది మంచు అద్దంలా నున్నబడింది. వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించలేదు. కింద మలుపు. బ్రేకు తొక్కగానే పెడల్ అరికాలి కింద టకటకా కొట్టుకుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, బండి మాత్రం జారుతూనే ఉంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగాయి గానీ బండి తిన్నగానే పోయింది. చివరికి రోడ్డు పక్కన తోసిపోసిన మంచుగట్టులో ముక్కు దూర్చి ఆగింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

దిగి ముందు టైరు మీద చేయి వేశాను. రబ్బరు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. గోటితో నొక్కితే గుర్తు కూడా పడలేదు. ఒక్కో దిమ్మె నా అరచేతిలో సగముంది. ఆ నున్నటి ముఖం మీద సన్నని చీలిక ఒక్కటి కూడా లేదు.

నాలుగు చక్రాలకు శక్తి అందడం బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి మాత్రమే సాయపడుతుంది. బ్రేకులు చిన్న కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. పైగా మన బండి రెండు టన్నులు దాటిన బరువు. కదలడం ఎంత సులువైతే అంత త్వరగా వేగం పెరుగుతుంది, ఆ వేగాన్ని ఆపవలసింది అరచేయంత రబ్బరు. షోరూములో డిఫరెన్షియల్ లాక్‌ల గురించి గంటసేపు అడిగిన నేను టైరు గురించి అడిగింది సైజు ఒక్కటే.

మామూలు వేసవి టైరు రబ్బరు ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడుతూ పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు మిశ్రమాన్ని గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా తయారు చేస్తారు. దిమ్మెల మీద కత్తితో గీసినట్టు వందల చీలికలు ఉంటాయి. నేల మీద ఒత్తిడి పడ్డప్పుడు అవి విచ్చుకుని వాటి అంచులు మంచును గీరుతూ పట్టుకుంటాయి. గాడుల్లో మంచు ఇరుక్కుంటే టైరు పని అయిపోయినట్టే అని నేను అనుకునేవాణ్ని. అది తప్పు. నేల మీది మంచుకు అన్నిటికంటే బాగా అతుక్కునేది గాడుల్లో నొక్కుకున్న మంచే. చలికాలపు టైరు దాన్ని కావాలనే కొంత పట్టి ఉంచుకుంటుంది.

కొనేటప్పుడు టైరు పక్కగోడ మీది గుర్తులు చూడండి. 'ఎం+ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు చూసి మోసపోవద్దు. అవి ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకునేవి, వాటికి మంచు మీద పరీక్ష తప్పనిసరి కాదు. నా మడ్ టైర్ల మీదా అవి ఉన్నాయి. మూడు శిఖరాల కొండ, దానిలో మంచుపలుకు ఉన్న గుర్తుకు మాత్రం మంచు మీద పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష కూడా నొక్కుకుపోయిన మంచు మీది పట్టునే చూస్తుంది, గాజులాంటి మంచుగడ్డ మీద ఎలా ఆగుతుందో చెప్పదు. అందుకే ఐరోపా సమాఖ్యలో 2021 మే నుంచి టైరు లేబుల్ మీద మంచుగడ్డ పట్టుకు విడిగా ఇంకో గుర్తు వచ్చింది.

రెండో, మూడో చలికాలాలు ఆ కొండగుర్తు ఉన్న ఆల్ టెర్రైన్ టైర్లతో గడిపాను. రాళ్ల దారులు, మంచు, వాన అన్నిటికీ ఒకే టైరు కావాలనేవారికి ఇవి మంచి ఎంపిక. తాజా మంచులో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. మధ్యాహ్నం కరిగి సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టే రోడ్డు మీద మాత్రం గుండె దడ తగ్గలేదు. నాలుగో ఏడాది లోహపు మేకులు లేని అసలైన చలికాలపు టైర్లకు మారాను. ఖాళీ మైదానంలో ఒకే ఉదయం రెండు సెట్లూ మార్చి వేసి, ఒకే వేగం నుంచి బ్రేకు తొక్కి చూశాను. కొత్తవాటితో బండి దాదాపు తన పొడవంత ముందే ఆగింది. అది నా మైదానంలో ఒక్క పూట చూసిన తేడా, అన్నిచోట్లా అంతే ఉంటుందని అనను. మంచుగట్టుకు ఆవల మనిషి ఉంటే అన్న ఆలోచన వచ్చాక నాకు అంత తేడా చాలు.

మేకుల టైర్లు గడ్డకట్టిన నున్నటి మంచు మీద, ముఖ్యంగా సున్నా డిగ్రీల దగ్గర తడిసిన మంచుగడ్డ మీద బాగా పట్టుకుంటాయి. పొడి రోడ్డు మీద మోతెక్కువ, రోడ్డునూ గీకేస్తాయి. జర్మనీ వంటి దేశాల్లో వాటిని సాధారణంగా అనుమతించరు. మా దారిలో సగం పొడి రోడ్డే కాబట్టి నేను తీసుకోలేదు. ఏ టైర్లు తీసుకున్నా నాలుగూ ఒకే రకం వేయాలి. ముందు రెండే మార్చితే మలుపులో వెనక భాగం ముందుకు తిరిగి వస్తుంది.

సైజు విషయంలో అందరూ వెడల్పు వైపే చూస్తారు. మా బండికి 20 అంగుళాల చక్రాలు ఆప్షన్‌గా వచ్చాయి. చలికాలానికి 17 అంగుళాల చక్రాలు వేరే కొని, కంపెనీ పుస్తకం అనుమతించిన వాటిలో సన్నటి సైజు వేశాను. సన్నటి టైరు మెత్తని మంచును కోసుకుంటూ కిందున్న గట్టి నేలను అందుకుంటుంది. ఎత్తైన పక్కగోడ వల్ల మంచు కింద దాగిన గుంతలకు చక్రం వంగదు. చిన్న చక్రాలు లోపలి బ్రేకు కాలిపర్లకు (బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగాలకు) తగులుతాయేమో, టైరు భార సూచిక (అది మోయగల బరువును తెలిపే అంకె) బండి బరువుకు సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. బండి అందానికి మరీ పెద్ద టైరు ఎక్కిస్తే, మంచులో పట్టు కోసం టైరుకు చుట్టే గొలుసులు వేయడానికి చక్రం చుట్టూ చోటుండదు. గొలుసులు ఏ చక్రాలకు వేయాలన్నది కూడా ఆ పుస్తకంలో చూసుకోవలసిందే.

గాలి సంగతి చాలామంది మరచిపోతారు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. గ్యారేజీలో వెచ్చగా ఉన్నప్పుడు నింపి సరిపోయిందనుకుంటే, బయటి చలిలో తక్కువ గాలితో తిరుగుతున్నట్టే. తెలిసి తగ్గించడం వేరు. మోకాలి లోతు మంచులో నేను 20 వరకు దించుతాను, టైరు నేల మీద పరుచుకుని బండి తేలికగా సాగుతుంది. ఇంకా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదముంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. అందుకు చిన్న కంప్రెసర్ ఎప్పుడూ బండిలోనే ఉంటుంది.

ఇక ఆప్షన్లు. అన్నిటికంటే మేలు చేసింది వేడెక్కే విండ్‌షీల్డ్ (బండి ముందరి అద్దం). రాత్రి పేరుకున్న మంచుపొర నిమిషాల్లో కరిగి వైపర్లు విడివడతాయి. పక్క అద్దాలకూ వేడి తప్పక తీసుకోండి. వేడి సీట్లు, వేడి స్టీరింగ్ నా దృష్టిలో విలాసం కాదు, లావు కోటు విప్పి హాయిగా నడపగలుగుతాం. ఎల్ఈడీ హెడ్‌లైట్లు వెలుతురులో మేటి, కానీ ముందు గాజుకు వేడి తగలదు కాబట్టి మంచు పేరుకుపోతుంది. హెడ్‌లైట్ వాషర్లు దొరికితే వదలకండి. లేకపోతే నాలాగా దారి మధ్యలో ఆగి తుడుచుకోవాలి. కడు చలి ప్రాంతమైతే ఇంజన్ బ్లాక్ హీటర్ (స్టార్ట్ చేసే ముందే ఇంజనును వెచ్చబరిచేది), బలమైన బ్యాటరీ రెండూ అవసరమే.

సెంటర్ డిఫరెన్షియల్ లాక్ ఉపయోగపడింది. వెనక డిఫరెన్షియల్ లాక్‌ను ఐదేళ్లలో నాలుగుసార్లు వాడాను, అదీ ఇరుక్కున్న చోటి నుంచి బయటపడేందుకు. పక్కకు వాలిన మంచుదారిలో దాన్ని వేస్తే రెండు వెనక చక్రాలూ కలిసి జారి తోక పల్లంలోకి పోతుంది. ఒకసారి అలా అయ్యాక ఆ మీట జోలికి ఆలోచించి గానీ పోను. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి ఊరికే తిరగకుండా అడ్డుకునే ఏర్పాటు) ఆపే మీట ఉందో లేదో కొనే ముందు చూడండి. లోతు మంచులో అది ఇంజను శక్తిని కోసేసి, సాగుతున్న బండిని నిలబెట్టేస్తుంది. వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) బరువంతా ముందు ఇరుసు మీద పడింది తప్ప ఒక్కసారీ తీయలేదు. పార, చక్రాల కింద వేసే పట్టాలు మాత్రం ఏటా నాలుగైదుసార్లు దిగాయి. ముందూ వెనకా గట్టి లాగుడు కొక్కేలు తప్పనిసరి. ట్రైలర్ బంతికి (వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు) తాడు కట్టి ఇరుక్కున్న బండిని ఎప్పుడూ లాగకండి, అది విరిగితే తూటాలా వస్తుంది. మంచులో ఇరుక్కుని ఇంజను నడుపుతూ కూర్చోవలసి వస్తే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది.

ఈ చలికాలపు టైర్లలోనూ లోపాలున్నాయి. వెచ్చని పొడి రోడ్డు మీద స్టీరింగ్ కాస్త మెత్తగా, ఆలస్యంగా స్పందిస్తుంది, అరుగుదలా ఎక్కువే. వసంతం రాగానే విప్పి ఆల్ టెర్రైన్ సెట్టు ఎక్కిస్తాను. ఇప్పుడు ట్రెడ్ 5 మిల్లీమీటర్లు మిగిలింది. చట్టం చాలాచోట్ల 1.6 వరకు ఒప్పుకుంటుంది గానీ, 4కు చేరగానే నేను మార్చేస్తాను. కొత్తవి కొనేటప్పుడు పక్కగోడ మీది తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు చదువుతాను, వాటిలో మొదటి రెండు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం.

ఆ రోజు వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి ఇప్పుడు ఇదే బండి మీద డ్రైవింగ్ నేర్చుకుంటోంది. మొదటి పాఠం ఆ ఖాళీ మైదానంలోనే, బ్రేకు మీద. పెడల్ టకటకమన్నా కాలు తీయవద్దని చెప్పి, పది పన్నెండుసార్లు తొక్కించాను.