స్టేషను నుంచి పాత వంతెన దాకా: అమ్మతో ఫ్లోరెన్స్‌లో

ఇటలీలోని ఫ్లోరెన్స్ రైల్వే స్టేషను నుంచి అర్నో నది మీది పాత వంతెనకు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆగకుండా నడిస్తే అరగంట. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో మూడు రోజుల్లో నాలుగుసార్లు ఆ దారి నడిచాను. ఒక్కసారి కూడా రెండు గంటలకు తక్కువ పట్టలేదు. ఆ ఊరు వెళ్లేవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: టికెట్ల జాబితా తగ్గించుకోండి, ఈ దారికి సమయం ఇవ్వండి.

ముందు బస సంగతి. మొదటి రాత్రికి ఊరి నడిబొడ్డున, సిన్యోరియా కూడలి దగ్గర ఒక పాత భవనంలో గది తీసుకున్నాను. కిటికీలోంచి కోట బురుజు కనిపిస్తుందని మురిసిపోయానే తప్ప, లిఫ్టు ఉందా అని అడగలేదు. 68 రాతిమెట్లు. అమ్మ పది మెట్లకొకసారి ఆగి గోడ పట్టుకుంటుంటే నాకు కడుపులో దేవినట్టయింది. పాదచారుల వీధి కావడంతో టాక్సీ కూడా గుమ్మం దాకా రాలేదు, పెట్టెలు రాళ్ల మీద లాక్కెళ్లాం. మర్నాడే స్టేషను పక్కన లిఫ్టున్న చిన్న హోటలుకు మారాం. రాత్రికి 20 యూరోలు ఎక్కువైంది, ఒక్క యూరో కూడా వృథా అనిపించలేదు. విమానాశ్రయం నుంచి వచ్చే ట్రాము స్టేషను పక్కనే ఆగుతుంది, ఇరవై నిమిషాల ప్రయాణం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి బస ఆ చుట్టుపక్కలే మంచిది. గది అద్దె కాక మనిషికి ఇంత అని రోజువారీ నగర పన్ను విడిగా కట్టాలి, అది ముందే లెక్కలో వేసుకోండి.

స్టేషను ఎదురుగానే సాంతా మరియా నొవెల్లా చర్చి. 1470లో పూర్తయిన దాని పాలరాతి ముఖభాగాన్ని కాసేపు నిలబడి చూసి ముందుకు సాగాం. పది నిమిషాల్లో వీధి మలుపు తిరిగి, పెద్ద చర్చి ఎదుట తేలాం. ఊళ్లోవాళ్లు దాన్ని దువోమో అంటారు.

తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు రాళ్లు పట్టీలు పట్టీలుగా పేర్చిన ఆ గోడల ముందు అమ్మ మాట్లాడకుండా నిలబడిపోయింది. చర్చి పని 1296లో మొదలైంది. మనం ఫొటోలు తీసుకునే ముఖభాగం మాత్రం 1887లో పూర్తయింది. అన్నిటికీ మించినది గోపురం. వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి 1420లో మొదలుపెట్టి 1436 నాటికి, కింద నుంచి కొయ్య ఆధారం నిలపకుండానే, ఒకదానిలో ఒకటిగా రెండు పొరలు లేపి దాన్ని కట్టాడు. కట్టేటప్పుడు ఇటుకలు జారిపోకుండా చేపముల్లు వరసలో పేర్పించాడు. అలాంటి ఇటుకలు 40 లక్షలు దాటి ఉంటాయి.

ఆ గోపురం ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు, ఏ రోజు, ఏ సమయానికో ముందే ఖాయం చేసుకోవాలి. మేం వెళ్లినప్పుడు ఆ పాసు 30 యూరోలు. మోకాళ్లు బాగున్నవాళ్లు ఎక్కవచ్చు. కానీ ఒక్క టికెట్టే కొనగలిగితే, చర్చి వెనకున్న దువోమో మ్యూజియానికి కొనండి. గోపురం ఎక్కనక్కరలేని, అప్పటికి 15 యూరోల పాసులో అదీ, చర్చి ఎదుటి బాప్టిస్టరీ, అంటే బాప్తిస్మమిచ్చే మందిరం కూడా చేరి ఉన్నాయి. బాప్టిస్టరీ పైకప్పు మొజాయిక్‌కు మరమ్మతులు జరుగుతున్నందున లోపల పరంజా అడ్డం వచ్చింది. మ్యూజియంలో మాత్రం లిఫ్టుంది, కూర్చోవడానికి బల్లలున్నాయి, జనం తక్కువ.

బాప్టిస్టరీకి బయట ఉన్న బంగారు తలుపు నకలు. శిల్పి గిబెర్టి 1425 నుంచి 1452 దాకా చేసిన అసలు తలుపు ఈ మ్యూజియంలో గాజు వెనక ఉంది. పది పలకల మీద బైబిలు కథలు. వాటి చుట్టూ ఉన్న చట్రంలో బత్తాయికాయంత తలకాయలు బయటికి తొంగిచూస్తుంటాయి. అందులో బట్టతలతో, కనుబొమలు కాస్త ఎత్తి చూస్తున్నవాడు గిబెర్టి. అమ్మకు చూపించాను. గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. “ఇరవై ఏడేళ్లు ఒక్క తలుపుకే పెట్టాడా? మరి తన మొహం పెట్టుకోవద్దూ!” అంది. బయట రెయిలింగు వెనక నుంచి నకలు చూస్తే ఆ చూపు మనకు అందదు. నేను మ్యూజియం అనడానికి కారణం ఇదే.

మ్యూజియం నుంచి బయటికి వస్తే చర్చి వెనక నేల మీద ఒక గుండ్రటి తెల్ల పాలరాయి కనిపిస్తుంది. దాని మీద ఏమీ రాసి ఉండదు, అందరూ తొక్కుకుంటూ పోతారు. 1600లో పిడుగు పడి గోపురం మీది బంగారుపూత రాగి గోళం దొర్లి పడిన చోటది. ఆ రాయి మీద నిలబడి తలెత్తితే ఎంత ఎత్తు నుంచి పడిందో మెడకు తెలుస్తుంది.

చర్చి లోపలికి టికెట్టు లేదు, వరస మాత్రం పొడుగు. ఉదయం తెరవకముందే వెళ్లి నిలబడితే త్వరగా లోపలికి పోవచ్చు. 1436లో ఈ చర్చిని ప్రతిష్ఠించింది పోపు నాలుగో యూజీనియస్. ఆయన కార్యదర్శి పోజ్జో, తూర్పుదేశాల్లో పాతికేళ్లు తిరిగి వచ్చిన నికోలో కాంటి నోటివెంట విన్న సంగతులన్నీ రాసిపెట్టాడు. మన చరిత్ర పాఠాల్లో విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లని చెప్పిన కాంటి ఈయనే. బళ్లో బట్టీపట్టిన ఆ పేరు ఆ స్తంభాల మధ్య గుర్తొచ్చినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. హంపీ కథ విన్న చెవులూ ఈ గోపురం కింద నిలిచిన మనుషులవే.

అక్కణ్ణుంచి సిన్యోరియా కూడలికి వెళ్లేది కాల్‌జయువోలి వీధి, అంటే మేజోళ్లు చేసేవారి వీధి. ఇప్పుడన్నీ బట్టల దుకాణాలు. మధ్యలో ఒకప్పటి ధాన్యం మార్కెట్టు చర్చిగా మారిన ఓర్‌సాన్‌మికేలే ఉంది. దాని బయటి గూళ్లలో వృత్తిసంఘాలు పోటీపడి పెట్టించిన విగ్రహాల స్థానంలో ఇప్పుడు నకళ్లున్నాయి.

సిన్యోరియా కూడలిలో మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం కూడా నకలే. అసలుదాన్ని 1873లో ఊళ్లోనే ఉన్న అకాడెమియా మ్యూజియానికి తరలించారు, ఈ నకలు 1910లో పెట్టారు. పక్కన మూడు కమానుల మండపంలో శిల్పి చెల్లీని చేసిన, గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ కంచు విగ్రహం మాత్రం అసలుదే, చూడటానికి టికెట్టు అక్కర్లేదు. ఆ మండపం నీడలో అమ్మ గంటసేపు కూర్చుంది. నాకు ఈ నడకంతటిలో బాగా నచ్చిన చోటు అదే.

కూడలిలో బల్ల ముందు కూర్చుని రెండు కాఫీలు తాగితే, పక్క సందులో నిలబడి తాగినదానికి మూడింతలైంది. ఇటలీలో కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే మరో ధర. భోజనం దగ్గర కొపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. శాకాహారులకు రిబొల్లీతా బాగుంటుంది. చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ ఆకులు, నిన్నటి రొట్టె కలిపి కాచిన చిక్కటి పులుసు. మాంసం రసం వేశారా అని మాత్రం అడగండి. అక్కడి రొట్టెలో ఉప్పుండదు. అమ్మ సంచిలోంచి కందిపొడి తీసి, ఆలివ్ నూనెలో కలిపి అద్దుకుని తింది. ఆ నూనె రుచికి ఇద్దరం రెండో రొట్టె తెప్పించుకున్నాం.

ఉఫీజీ మ్యూజియం మేం వదిలేశాం. దాని ముంగిట్లోంచి నడిస్తే నది వస్తుంది. కుడివైపు పొంతే వెక్కియో, పేరుకు అర్థమే పాత వంతెన. 1345లో కట్టింది. మొదట్లో అక్కడ మాంసం కొట్లుండేవి. 1593లో వాటిని తీయించి కంసాలులను పెట్టించారు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఊళ్లోని మిగతా వంతెనలన్నీ పేల్చేసి, దీన్ని ఒక్కదాన్నే వదిలింది.

సాయంత్రం అక్కడ అడుగు పెట్టే చోటుండదు. బంగారం ధగధగలాడుతుంది కానీ ముద్ర చూడండి: 750 అని ఉంటే 18 క్యారెట్లు. మన 916 కోసం వెతికిన అమ్మ ఒక సన్నటి గొలుసు చేతిలోకి తీసుకుని, పనితనం మెచ్చుకుని, తిరిగి ఇచ్చేసింది.

ఆఖరి రోజు తెల్లవారుజామున ఆరున్నరకు మళ్లీ వెళ్లాం. వంతెన మీద మాతోబాటు ఒక పారిశుద్ధ్య కార్మికుడు, నాలుగు పావురాలు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ముదురు గోధుమరంగు మందపాటి కొయ్య తలుపులు, ఇనుప పట్టీలు, బొడిపెల మేకులు. అమ్మ ఒక మేకు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. “మీ తాతయ్య భోషాణం అచ్చం ఇలాగే ఉండేది” అని చెప్పి, ఎండ అవతలి గట్టుకు చేరేదాకా ఆ తలుపును ఆనుకుని నిలబడింది.