ఇంట్లో క్యూ స్ట్రోక్ ప్రాక్టీస్‌కు ఏది మేలు: బాటిలా, గాజా, జంపఖానా చారా?

హన్మకొండలో నేను పూల్ (బల్ల మీద కర్రతో బంతుల్ని కొట్టి గుంతల్లో వేసే ఆట) ఆడే చోట టేబుల్‌కు గంట లెక్కన డబ్బులు కట్టాలి. కొత్తలో ఆ గంటలో సగం చెయ్యి వంకర పోకుండా చూసుకోవడానికే సరిపోయేది. గురి కుదరాలంటే బల్ల మీదే ఆడాలి, నిజమే. కానీ క్యూని, అంటే బంతిని కొట్టే కర్రని, తిన్నగా వెనక్కి లాగి, తిన్నగా ముందుకు తోయడానికి బల్ల అక్కర్లేదు, బంతి కూడా అక్కర్లేదు. అందుకే ఇంట్లో ఉన్న వస్తువులతోనే మూడు రకాలుగా ప్రాక్టీస్ చేసి చూశాను.

మంచం మీద, దివాన్ మీద మాత్రం మొదలుపెట్టకండి. పూల్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. మామూలు డైనింగ్ టేబుల్ కూడా ఇంచుమించు అంతే. అంతకంటే కిందికి వంగి అలవాటైతే అసలు బల్ల దగ్గర నిలబడే తీరే మారిపోతుంది.

అందరూ ముందు చెప్పేది నీళ్ల బాటిల్. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్‌ని పడుకోబెట్టి, మూతికి తగలకుండా క్యూని లోపలికి పోనివ్వాలి. తగిలితే టక్‌మని చప్పుడొస్తుంది, బాటిల్ పక్కకు జరుగుతుంది. దొర్లకుండా రెండు పక్కలా బియ్యం ప్యాకెట్లు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నేనూ పెట్టాను. కానీ కదలని బాటిల్ మూతికి క్యూ రాసుకుని కర్ర మీద గీతలు పడతాయి. వదులుగా ఉంటేనే నయం. గాజు సీసా అసలే వద్దు.

లీటర్ బాటిల్‌తో ఇంకో చిక్కుంది. నా దగ్గరున్న దాని అడ్డం 8 సెంటీమీటర్లు, అంటే పడుకోబెడితే మూతి మధ్య భాగం 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పూల్ బంతి అడ్డం 57.15 మిల్లీమీటర్లు, దాని నడిమి ఎత్తు 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. లీటర్ బాటిల్‌తో అలవాటైతే చెయ్యి ఒక సెంటీమీటర్ పైకే పోతుంది. అర లీటర్ బాటిల్ అడ్డం ఆరున్నర ఉంది, అది చాలావరకు సరిపోయింది.

ఇక అసలు లోపం. బాటిల్ మూతి లోపలి అడ్డం స్కేలు పెట్టి చూస్తే 22 మిల్లీమీటర్ల దాకా ఉంది. పూల్ క్యూ టిప్, అంటే బంతికి తగిలే కొన, 13. రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లకు పైనే ఖాళీ. క్యూ అంత పక్కకు పోయినా బాటిల్ చప్పుడు చెయ్యదు. అదే బల్ల మీదైతే వైట్ బాల్‌కు మనం కోరని స్పిన్ పడుతుంది. పైగా తప్పు జరిగిందని చప్పుడు చెబుతుంది కానీ, అది మోచేతిలో ఉందా, మణికట్టులో ఉందా అన్నది చెప్పదు.

గాజు సంగతి అమ్మ గాజుల పెట్టె చూస్తుంటే తట్టింది. గాజుల సైజులో చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే 2 అంగుళాల 4/16, అంటే 57.15 మిల్లీమీటర్లు. సరిగ్గా పూల్ బంతి అడ్డం! "మట్టిగాజు వద్దురా, పగిలితే చెయ్యి తెగుతది, ప్లాస్టిక్‌ది తీస్కో" అంది అమ్మ. దాన్ని చపాతీ పిండి ముద్దలో నిలబెడితే బంతి అంచు గీసినట్టే కనిపిస్తుంది. టిప్‌ని నడిమికి, కొంచెం పైకి, కొంచెం కిందికి పంపడం అలవాటు చేసుకోవడానికి దీనికి మించింది నాకు దొరకలేదు. ఫాలో, డ్రా షాట్లు (వైట్ బాల్ ఇంకో బంతికి తగిలాక ముందుకే సాగితే ఫాలో, వెనక్కి వస్తే డ్రా) నేర్చుకునేవాళ్లు తప్పకుండా పెట్టుకోండి. స్ట్రోక్ తిన్నగా ఉందో లేదో చూడటానికి మాత్రం పనికిరాదు, ఖాళీ మరీ ఎక్కువ. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లే కాబట్టి ఆ ఆటవాళ్లకు 2.2 గాజు దగ్గరగా ఉంటుంది.

నా ఓటు మూడోదానికే. వరంగల్‌లో చాలా ఇళ్లలో ఉండే చారల జంపఖానా, కొత్తవాడ మగ్గాల మీద నేసినది. వీటికి 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని టేబుల్ మీద ముడతల్లేకుండా పరిచి, ఒక సన్నని చార మీదుగా క్యూ ఆడించాలి. పాతదైతే చార సాగి వంకరై ఉండొచ్చు, ముందు చార పక్కన వేరే దారం ఒకటి బిగించి పట్టి చూసుకోండి. మా నీలం జంపఖానాలో ఎర్ర చారను ఎంచుకున్నాను. వెనక్కి లాగేటప్పుడే టిప్ కింద చార ఒక వైపు ఎక్కువ కనిపించడం మొదలైంది. అంటే తోసేటప్పుడు కాదు, లాగేటప్పుడే నా మోచెయ్యి బయటికి పోతోంది. బాటిల్‌తో నెల రోజులు చేసినా ఇది తెలియలేదు. ఎదురుగా అద్దం పెట్టుకుంటే ఇంకా మేలు: గడ్డం కింద క్యూ, దాని వెనకే మోచెయ్యి ఒకే వరుసలో ఉన్నాయో లేదో కనబడుతుంది.

క్యూని గట్టిగా పిడికిలి బిగించి పట్టుకోవద్దు. మోచెయ్యి పైన ఆగి ఉండాలి, ముంజేయి మాత్రమే ఊగాలి. బంతి ఉండే చోటు దాటాక కూడా టిప్ ఇంకో జానెడు దూరం చార మీదే పోవాలి.

ఇప్పుడు రోజూ పొద్దున చార మీద 50 స్ట్రోకులు, తర్వాత బాటిల్‌లోకి 20. ఆ ఇరవైలో మూడుసార్లు టక్‌మంటే బాటిల్ పక్కన పెట్టేసి మళ్లీ చార దగ్గరికే వస్తాను.